ఉప్పు గీత

అందరూ అతన్ని మైదానంలో చూశారు.
నేను బకెట్లో చూశాను.
జెర్సీలు ఉతికేవాడికి తెలిసినంత
రేడియోలో అరిచేవాడికి తెలీదు.

జెనివాల్దో చొక్కా నానబెడితే
నీళ్ళు ఉప్పగా అయ్యేవి.
"మకావు వాణ్ణి కదా," అనేవాడు.
వాళ్ళ నాన్న ఉప్పుమడుల్లో కూలి.
ఎండిన మడిలోనే పిల్లల ఆట.
పడితే మోకాలు చీరుకుపోయేది.
గాయం మీద ఉప్పు
వాళ్ళకి సామెత కాదు, మైదానం.

మరమేకు అని పేరు పెట్టారు.
ఎదుటివాడి కాళ్ళ మధ్య ఒకసారి దిగాడంటే
ఊడిరాడని.
పదకొండు క్లబ్బులు, నాలుగొందల పై చిలుకు ఆటలు,
తొమ్మిది గోల్స్.
అందులో రెండు మన గోల్‌లోనే.
ఆ లెక్క కూడా అతనే చెప్పేవాడు,
నవ్వుతూ, బూట్లలో మట్టి దులుపుకుంటూ.

రెసీఫే మాత్రం నవ్వుతూ చెప్పడు.
ఎనభై మూడు. వాన వెలిసిన రాత్రి.
పెనాల్టీ ఎడమవైపు కొట్టాడు.
బంతి స్తంభానికి తగిలిన చప్పుడు
ఇప్పటికీ ఏ ఊళ్ళో చర్చి గంట మోగినా
వినబడుతుందంటాడు.
ఆ రాత్రి అందరి చొక్కాలూ నా బకెట్లో పడ్డాయి,
ఒక్కటి తప్ప.

మోకాలు అరిగాక కోచ్ అయ్యాడు.
నన్నూ వెంటబెట్టుకున్నాడు.
ఆడేవాడి చెమట వీపున పడుతుంది,
ఆడించేవాడిది అరచేతుల్లో.
చొక్కా చూసి ఇక ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి.

ఒకచోట ఏడు ఆటలు. ఒకచోట మూడు.
సోబ్రాల్‌లో అధ్యక్షుడు
తన కూతురి పెళ్ళి విందులో
చేతులు కడుక్కుంటూ చెప్పాడు, ఇక రావద్దని.
ఇంకో ఊళ్ళో ఎవరూ చెప్పలేదు.
జట్టు బస్సు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది.
బస్టాండులో రాత్రంతా
గ్వారనా సీసా మూతలు సిమెంటు బల్ల మీద పేర్చి
వచ్చే వారం జట్టు గురించే మాట్లాడాడు.
వచ్చే వారం లేదని
అతనికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు మకాపాలో ఉన్నాం.
ఇక్కడి మధ్యగీత
భూమధ్యరేఖ మీదే గీశారంటారు.
ఒక సగం ఉత్తరాన్ని కాపాడాలి, రెండో సగం దక్షిణాన్ని.
"భూగోళమంతా నా డిఫెన్స్ మీదే ఉంది,
రెండు నెలల జీతం మాత్రం
ఏ గోళంలోనూ లేదు," అంటాడు జెనివాల్దో.

మొన్న ఆదివారం, ఎనభై ఎనిమిదో నిమిషం.
సమాన స్కోరు. పెనాల్టీ.
ఉబిరజారా, పంతొమ్మిదేళ్ళవాడు,
పొద్దున పూట అసాయి పళ్ళ బుట్టలు పడవల్లోంచి దించేవాడు,
గీత దాకా పరిగెత్తుకొచ్చి అడిగాడు:
"ఎటు కొట్టమంటారు?"

జెనివాల్దో మోకాళ్ళ మీద కూర్చున్నాడు,
ఆ అరిగిన మోకాళ్ళ మీదే.
కుర్రాడి బూటు లేసు విప్పి
మళ్ళీ కట్టాడు, గట్టిగా.
ఏమీ చెప్పలేదు.
లేచి, ఎప్పట్లాగే, వీపు తిప్పి
నా గదిలోకి వచ్చేశాడు.

బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు.
రేకుల మీద వాన మొదలైంది.
బయట లేచిన కేక
సంతోషమో శాపమో
ఆ వానలో తెలియలేదు.
వెళ్ళి చూడమని అతను అనలేదు.
నేనూ లేవలేదు.
ఇద్దరం మేజోళ్ళు జతలు కట్టాం.
ఒకటి తక్కువైంది.

అప్పుడు తన సంచి అడుగునుంచి
పాత దినపత్రికలో చుట్టిన పొట్లం తీసి
"దీన్నీ వేసెయ్, మిగతావాటితో," అన్నాడు.
కాలరు పసుపుపచ్చగా మారింది.
వీపు మీద అడ్డంగా ఒక తెల్లని గీత,
నలభై ఏళ్ళ కిందట ఆరిపోయిన చెమట.

వేరుగా ఉతికాను.
మొదటి నీళ్ళు పారబోసే ముందు
వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్నే
అధ్యక్షుడి దగ్గర్నుంచి ఫోను.
నా చేతులు తడిగా ఉన్నాయి.
మోగనిచ్చాను.